మచిలీబందరు రేవు – మట్టిలో మిగిలిన మన చరిత్ర

మన కోస్తా ముస్లిం కుటుంబాలలో పెళ్లి మాటలు జరిగేటప్పుడు వంశం ప్రస్తావన రావడం మామూలే. ఒక పెద్దాయన "మా వాళ్లు ఇరాన్ నుంచి వచ్చారండీ" అంటారు. ఇంకొకాయన "మేము అరబ్బు వర్తకుల సంతతి" అంటారు. "మా ముత్తాత ఓడ మీద సరంగు" అనిగాని, "కలంకారీ అద్దకం పనివాడు" అనిగాని చెప్పేవారు అరుదు. ఇరానీ షావుకారూ నిజమే, సరంగూ నిజమే. వాళ్లిద్దరూ ఒకే రేవులో, ఒకే ఓడ మీద బ్రతికినవాళ్లు. ఆ రేవు పేరు బందరు. ఈనాటి పిల్లలకు బందరు అంటే లడ్డూ, హల్వా గుర్తుకొస్తాయి. మూడు నాలుగు వందల ఏళ్ల క్రితం మక్కాలో, ఇస్ఫహానులో, బర్మాలో, సుమత్రాలో ఆ పేరు వినని వర్తకుడు లేడంటే అతిశయోక్తి కాదు. ఆ రేవు ఎలా పెరిగింది, ఎలా పోయింది, దాని ఆనవాళ్లు నేలమీద, నేలలోపల ఏమేం మిగిలాయి అనేది మన సభ్యులకు చెప్పాలని ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి చూద్దాం. "బందర్" అనేది ఫార్సీ మాట. రేవు అని అర్థం. రేవు మీద పెత్తనం చేసే అధికారి షాబందర్. లంగరు ఫార్సీ మాట. నఖుదా అంటే ఓడకు యజమాని లేక పెద్ద, అదీ ఫార్సీయే. సరంగు, లస్కరు, కలాసీ – ఇవన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి వచ్చి మన తెలుగు బెస్తవాళ్ల నోట స్థిరపడిన మాటలు. శాసనాలు చెరిగిపోతాయి, కోటలు కూలిపోతాయిగాని, మాట మాత్రం మనిషి నోట్లో దాక్కుని బ్రతుకుతుంది.

ఓడల వ్యాపారం ముస్లింలతోనే మొదలైందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు నావికుడెవరో వ్రాసిన పుస్తకంలో ఈ తీరం పేరు మసాలియా అని వుంది. టాలెమీ మైసోలియా అన్నాడు. అతను చెప్పిన కంటకస్సిల మన ఘంటసాలేనని పండితులు తేల్చారు. అక్కడ సన్నని నూలుబట్ట దొరికేదని ఆనాడే వ్రాసుకున్నారు. ఇంగ్లీషువాళ్ల "మజ్లిన్" అనే మాట మసూలా నుంచి పుట్టిందని బందరువాళ్లు గర్వంగా చెప్పుకుంటారుగాని, అది ఇరాకులోని మోసుల్ పేరు మీద వచ్చిందనే ఎక్కువమంది అభిప్రాయం. గొప్ప చెప్పుకోవడానికి బందరుకు వేరే సంగతులు చాలా వున్నాయి, ఇది వదిలేసినా నష్టం లేదు.

కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ప్రతి తెలుగువాడూ చూడదగింది. అంతకు ముందు రాజులు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకు మొత్తం లాక్కునేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించి, గంధపుచెక్క, చీనా కర్పూరం, పన్నీరు, దంతం మొదలైనవాటికి ఎంతెంత సుంకమో కూడా వ్రాయించాడు. పరదేశి వర్తకునికి ఇంతకన్నా ఏం కావాలి? మన నెల్లూరు సీమలోని కొత్తపట్నంలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు ఆ కాలం నాటి చీనా పింగాణీ పెంకులు గుట్టలుగా బయటపడ్డాయి. జపాన్ దేశపు చరిత్రకారుడు నొబొరు కరాషిమా తన బృందంతో వచ్చి దక్షిణ భారత తీరమంతా ఇలాంటి పెంకుల కోసమే తిరిగాడు. పగిలిన పింగాణీ ముక్కలో ఏముందని మనం పారేస్తాంగాని, దాని మీది పూత, అడుగున మట్టి రంగు చూసి అది చీనాలో ఏ ప్రాంతపు బట్టీలో, సుమారు ఏ శతాబ్దంలో కాలిందో నిపుణులు చెప్పగలరు. పింగాణీ కుళ్లదు, తుప్పు పట్టదు, కరిగించి మళ్లీ వాడుకోవడానికీ పనికిరాదు. అందుకే పగిలిన చోటనే పడివుంటుంది.

బందరు పెద్ద రేవుగా ఎదిగింది కుతుబ్ షాహీల కాలంలో. కృష్ణా ముఖద్వారపు పల్లపు నేలలు గోల్కొండ చేతికి వచ్చాక, 16వ శతాబ్దం చివరి భాగానికి, రాజధానికి కావలసిన సరుకంతా ఈ రేవు మీదుగానే వెళ్లడం మొదలైంది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరు చోటు మరొకటి లేదని వ్రాశాడు. ఊళ్లో ఇళ్లు కర్రతో కట్టినవని కూడా వ్రాశాడు. ఇక్కడి నుంచి ఓడలు పెగూ, సయాం, అరకాన్, బెంగాలు, సుమత్రా, హోర్ముజ్, మక్కా వైపు వెళ్లేవని అతని లెక్క. కర్ర ఇళ్లు కావడం వల్లనే ఆనాటి ఊరు మనకు మిగలలేదు. చెదలు, తుఫాను, నిప్పు, ఈ మూడింటికీ కర్ర ఇల్లు లోకువే.

ఓడలు ఇక్కడ నుంచి ఏం తీసుకుపోయేవి? మొట్టమొదట గుడ్డ. పెడన, బందరు చుట్టుపక్కల పల్లెల్లో నేసి, అద్దిన గుడ్డ. "కలంకారీ" అనే మాటే కలం పని అనే ఫార్సీ మాట. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టడం, పాత ఇనుము, బెల్లం వేసి ఊరబెట్టిన నీళ్లతో నలుపు గీత గీయడం, పటిక అద్దిన చోట చిరివేరుతో ఉడికించి ఎరుపు తెప్పించడం, తర్వాత పారే నీళ్లలో ఉతకడం – ఇలా ఎన్నో దశలు. ఆ చిరివేరు ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే ఒక చిన్న మొక్క వేరు. ఎన్ని ఉతుకులకూ వదలని ఎరుపు దానిది. నిజాంపట్నం ప్రాంతపు వేరు రంగుకు ప్రసిద్ధి అని ఆనాటి పరదేశులు ప్రత్యేకంగా వ్రాసుకున్నారు. ఇరాన్ వాళ్ల కోసం మిహ్రాబ్, సర్వు చెట్టు బొమ్మలతో జానిమాజ్‌లు అద్దేవారు. అవి ఈనాడు విదేశీ మ్యూజియంలలో అద్దాల వెనక వున్నాయి. మంచం మీద పరిచే "పలంగ్‌పోష్" ఇంగ్లీషువాళ్ల నోట "పాలంపోర్" అయింది. సయాం రాజదర్బారు నమూనాలు పంపి మరీ తమకు కావలసిన గుడ్డ ఇక్కడ చేయించుకునేది.

ఇక్కడ ఒక సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. యూరపువాళ్లు మన తీరానికి ఎందుకు వచ్చారో దీంట్లోనే వుంది. వాళ్లకు కావలసినవి లవంగాలు, జాజికాయ, జాపత్రి. అవి పండేది ఇండోనేషియా దీవుల్లో. ఆ దీవులవాళ్లకు యూరపు సరుకు మీద మోజు లేదు. వాళ్లు అడిగేది మన గుడ్డ. తరతరాలుగా గుజరాతు, తెలుగు, తమిళ తీరాల గుడ్డకు అలవాటుపడినవాళ్లు. కాబట్టి లవంగాలు కొనాలంటే ముందు బందరుకు వచ్చి గుడ్డ కొనాలి. 1602లో పుట్టిన డచ్చి కంపెనీ 1605లోనే బందరులో దిగడానికి కారణం అదే. ఆ మరుసటి సంవత్సరం నిజాంపట్నంలో కొట్టు పెట్టుకున్నారు. 1611లో "గ్లోబ్" అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్లు వచ్చారు. అంటే ఆ తెల్లదొరలు మనకు వ్యాపారం నేర్పడానికి రాలేదు, నడుస్తున్న వ్యాపారంలో చోటు అడగడానికి వచ్చారు. మన పాఠ్యపుస్తకాలలో వాస్కోడిగామాతోనే సముద్రం మొదలైనట్టు చదివిన పిల్లలకు ఈ ముక్క పెద్దలే చెప్పాలి.

గుడ్డ తర్వాత ఉక్కు. ఈ విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం, దాని చుట్టుపక్కల ఊళ్లలో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ప్రత్యేకమైన ఉక్కు తీసేవారు. దమస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఇలాంటి ఉక్కే. "ఉక్కు" అనే మన మాటే ఇంగ్లీషులో "వూట్జ్" అయిందంటారు. ఇరానీ వర్తకులు ఆ కుగ్రామాలకు స్వయంగా వెళ్లి, మూసలు దించేదాకా కూర్చుని, సరుకు చూసి కొనుక్కుని వెళ్లేవారు. 19వ శతాబ్దం మొదట్లో కూడా వాళ్లను అక్కడ చూసినట్టు వాయిజీ అనే ఇంగ్లీషు పరిశోధకుడు వ్రాశాడు. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలు గాలించి, ఆ పాత కొలుముల చోట్లు, చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు నమోదు చేశారు. కమ్మరి చేసిన పని, పెట్టుబడి పెట్టిన ఇరానీ, బండ్లు తోలినవాడు, ఓడ నడిపినవాడు – వీళ్లలో ఒక్కడు లేకపోయినా ఆ కత్తి దమస్కస్‌లో తయారయ్యేది కాదు.

కొల్లూరు వజ్రాల గురించి అందరూ వ్రాస్తూనే వున్నారు కనుక నేను వదిలేస్తాను. ఏనుగుల ముచ్చట మాత్రం చెప్పాలి. గోల్కొండ సుల్తాను ఓడలు అరకాన్, తెనాసెరిం, సింహళాలకు వెళ్లి ఏనుగులు కొనుక్కొచ్చేవని 1670ల నాటి ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ వ్రాశాడు. ఓడలో ఏనుగును నిలబెట్టి సముద్రం దాటించడమంటే మాటలా? ఆ పని చేయగల ఓడలు మన నరసాపురం దగ్గర తయారయ్యేవి. మాధవాయిపాలెం వడ్రంగుల, కమ్మరుల పనితనం చూసి పరదేశులు తమ ఓడలు కూడా అక్కడే కట్టించుకునేవారు, బాగు చేయించుకునేవారు. అలలు విరుచుకుపడే ఒడ్డున సరుకు దించే చిన్న పడవలకు మేకులు వాడేవారు కాదు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల కొడితే ఆ పడవ వంగుతుందిగాని పగలదు. అదే మసూలా పడవ.

హజ్ ఓడ గురించి చెప్పకుండా మన సావనీరులో ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు. బందరు నుంచి ఎర్ర సముద్రానికి వెళ్లే పెద్ద ఓడలో యాత్రికులు వెళ్లేవారు. అదే ఓడలో మక్కా పేదలకు సుల్తాను పంపే ఖైరాతు, అమ్ముకోవడానికి గుడ్డ కూడా వెళ్లేవి. ఇబాదతు, తిజారతు ఒకే ఓడలో. అయితే 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు సముద్రం మీద తిరిగే ప్రతి ఓడా తమ దగ్గర "కర్తాజు" అనే అనుమతి చీటీ తీసుకోవాలని హుకుం పెట్టారు. చీటీ లేని ఓడ కనబడితే పట్టుకోవడమో, ముంచడమో చేసేవారు. చివరకు గోల్కొండ సుల్తాను కూడా తన హజ్ ఓడకు ఆ చీటీ తీసుకుని, దానికి బదులుగా పోర్చుగీసువారికి బియ్యం పంపవలసి వచ్చింది. భూమి మీద అంత పెద్ద సైన్యమున్న పాదుషా, సముద్రం మీద ఒక చీటీ కోసం చేయి చాచాడు. మన రాజులు రేవు నుంచి సుంకం తీసుకున్నారుగాని సముద్రాన్ని పట్టించుకోలేదు. తర్వాత జరిగిన చరిత్రంతా ఈ చీటీలోనే వుందని నా అభిప్రాయం.

ఇప్పుడు మీర్ జుమ్లా సంగతి. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చిన ముహమ్మద్ సయీద్ వజ్రాల వ్యాపారంలో ప్రవేశించి, గోల్కొండ కొలువులో చేరి, బందరు హవల్దారై, 1640ల నాటికి రాజ్యంలో పెద్ద వజీరయ్యాడు. సొంత ఓడలు, సొంత సైన్యం, సొంత వజ్రాల గనులు. 1650లో గండికోట పట్టుకున్నాడు. 1652లో టావెర్నియర్ అక్కడికి వెళ్లి ఆయన్ని కలిశాడు. ఎర్ర సముద్రం నుంచి బర్మా దాకా ఆయన ఓడలు తిరిగాయి. మన ఉపన్యాసాలలో మీర్ జుమ్లాను గొప్ప ముస్లిం వర్తకుడని పొగడడం విన్నాను. గొప్పవాడే, సందేహం లేదు. కాని ఆయన హయాంలో చాలా సరుకులు ఆయన మనుషుల ద్వారానే కొనాలి, అమ్మాలి. ఆ భారం భరించినవాడు సాలెవాడు, అద్దకంవాడు. ఆ సాలెవాళ్లలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. 1655–56లో సుల్తానుతో చెడి ఆయన మొగలాయీల వైపు వెళ్లిపోయాడు. 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ చనిపోయాడు. ఆయన వెళ్లిన తర్వాత ఆయన ఓడను ఇంగ్లీషువాళ్లు పట్టుకుంటే తగాదా ఏళ్ల తరబడి నడిచింది.

ఇరానీ పెద్ద షావుకార్ల బలహీనత కూడా ఇక్కడే వుంది. వాళ్లలో ఎక్కువమంది వ్యాపారానికి సర్కారు ఉద్యోగమే అండ. రేవు సుంకం వసూలు ఇజారాకు ఇచ్చేవారు. ఎక్కువ పాట పాడినవాడికి పెత్తనం. పాట సొమ్ము కట్టలేకపోయిన అధికారిని కొట్టించేవారని, 1618 నుంచి 1622 దాకా బందరులో వున్న ఇంగ్లీషు అధికారి మెథోల్డ్ వ్రాశాడు. అలాంటివాడు ఆ ఒక్క ఏడాదిలోనే పిండుకోవలసినంత పిండుకోవాలని చూస్తాడు కదా! కంపెనీ పద్ధతి వేరు. ఒక దొర చస్తే ఇంకో దొర వస్తాడు, లెక్కల పుస్తకం మాత్రం అదే. పైగా వాళ్ల ప్రతి ఓడలోనూ ఫిరంగులున్నాయి. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువారికి "బంగారు ఫర్మానా" ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కడితే గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. ఊరి వర్తకుడు ప్రతి మూటకూ సుంకం కడుతుంటే, పక్క కొట్టువాడు ఏడాదికి ఒక్కసారి 500 కట్టి ఊరుకుంటాడు. పోటీ ఎలా నిలుస్తుంది? సుల్తాను మనసు మంచిదే, కాని ఆ ఫర్మానా ఖరీదు కట్టింది మాత్రం ఆయన సొంత ప్రజలు.

డచ్చివాళ్ల వ్యాపారంలో మరో చీకటి కోణం వుంది. పులికాటులో వాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. మన పెద్దలు ప్రళయకావేరి అన్న ఊరదే, ఇప్పుడు తమిళనాడులో వుంది. కరువు వచ్చినప్పుడల్లా తీరం మీద ఆకలితో అమ్ముడుపోయిన మనుషులను కొని, ఓడలలో నింపి బటావియాకు, ఇతర దీవులకు పంపేవారు. 17వ శతాబ్దంలో అలా పోయినవారు వేలల్లో వున్నారు. గుడ్డ మూటలకు ఎలా లెక్క వ్రాశారో వీళ్లకూ అలాగే లెక్క వ్రాశారు. మన నవాబుల ఇళ్లలోనూ బానిసలుండేవారు కనుక, ఈ పాపం పూర్తిగా పరాయివాళ్లదేనని చేతులు దులుపుకోలేం. ఆ పోయినవాళ్లకు సమాధి రాయి ఎక్కడా లేదు.

సమాధి రాయి వున్నది కొన్నవాళ్లకు. బందరుకోటలో పురావస్తు శాఖ రక్షణలో వున్న డచ్చి సమాధులు చూడండి. నల్లరాతి పలకల మీద వంశ చిహ్నాలు, పువ్వులు, డచ్చి, లాటిన్ అక్షరాలు ఎంత నునుపుగా చెక్కారో! చెక్కిన చేతులు మాత్రం మన ఊరివాళ్లవే. అక్షరం చదవడం రాకపోయినా గీత తప్పకుండా చెక్కిన శిల్పులు. పులికాటు డచ్చి శ్మశానం గుమ్మానికి రెండు ప్రక్కలా అస్థిపంజరాలు చెక్కివున్నాయి. చావును గుర్తు చేసుకోవడం వాళ్ల పద్ధతి అది. మన ఖబ్రస్తాన్‌లో ఆ పని ఆయతు చేస్తుంది. ఆ డచ్చివాళ్లలోనూ మంచి చదువరులుండేవారు. డేనియల్ హావార్ట్ అనే ఉద్యోగి గోల్కొండ రాజ్యంలో ఏళ్ల తరబడి వుండి, ఫార్సీ నేర్చుకుని, షేక్ సాదీ బూస్తాన్‌ను డచ్చి భాషలోకి తర్జుమా చేశాడు. అది 1688లో అచ్చయింది. 1693లో ఈ తీరపు కంపెనీ కొట్ల ఎదుగుదల, పతనం గురించి పెద్ద పుస్తకం వ్రాశాడు. గుడ్డ మూటలు లెక్కపెట్టడానికి వచ్చినవాడు సాదీని తీసుకుపోయాడు. మనవాళ్లలో ఇప్పుడు సాదీని ఫార్సీలో చదివేవారెందరు?

సమాధులు చూడడానికి టిక్కెట్టు పెట్టి పోనక్కరలేని ఆనవాళ్లు కూడా బందరులో వున్నాయి. వలందపాలెం అంటే హాలండు వాళ్ల పాలెం. పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్ల పేట. ఇంగ్లీషుపాలెం అర్థం చెప్పనక్కరలేదు. రోజూ ఆ వీధుల్లో కూరగాయలు కొనేవాళ్లు ఎవరి పేరు పలుకుతున్నారో ఆలోచించరు. ఫ్రెంచివాళ్ల చిన్న స్థలం బందరులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా వాళ్ల పేరు మీదే వుంది. 1947 అక్టోబరులోగాని అది భారత ప్రభుత్వానికి అప్పగించలేదు.

నాణేలు కూడా మాట్లాడతాయి. 1656లో ఔరంగజేబు మొదటిసారి గోల్కొండను ముట్టడించిన తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా వేయించిన రాగి నాణెం మీద హిజ్రీ 1068 సంవత్సరంతో పాటు "ఖతమ బిల్ ఖైర్ వస్సఆదత్" అని వుంటుంది. మేలుగా, శుభంగా ముగిసింది అని అర్థం. రాజు తన పాలన అయిపోయిందని నాణెం మీద వ్రాయించుకోవడం ప్రపంచంలో ఎంత అరుదో ఆలోచించండి. ఆ తర్వాత కూడా రాజ్యం ముప్పై ఏళ్లు నడిచింది. కాని రేవులో ధైర్యం తగ్గింది. 1679లో తుఫాను ఊరిని ముంచింది. 1686లో బాకీల తగాదా మీద డచ్చివాళ్లు ఏకంగా బందరు పట్టణాన్నే ఆక్రమించుకుని కొన్నాళ్లు కూర్చున్నారు. 1687లో గోల్కొండ కోట మొగలాయీల వశమై, తానీషా బందీ అయ్యాడు. ఇంగ్లీషువాళ్ల ముఖ్య స్థావరం అప్పటికే మద్రాసుకు మారింది. డచ్చివాళ్లు 1690లో తమ పెద్ద కొట్టు నాగపట్నానికి మార్చుకున్నారు. కొలువు పోయిన ఇరానీ పెద్దలు హైదరాబాదుకో, మద్రాసుకో, బెంగాలుకో వెళ్లిపోయారు.

ఎవరు మిగిలారు? పడవ నడిపేవాడు, అచ్చు వేసేవాడు, దూది ఏకేవాడు, రేవులో మూట మోసేవాడు. వెళ్లిపోవడానికి వాళ్ల దగ్గర సొంత ఓడ లేదు. కోస్తాలో ఈనాడు మనం చూసే ముస్లిం కుటుంబాలలో అధికభాగం మూలాలు ఇలా మిగిలిపోయినవారిలోనే వెతకాలి. వాళ్లు నేలకు అంటుకుని వున్నారు, ఈ భాషే మాట్లాడారు, ఈ తుఫానులే భరించారు.

తర్వాత కథ త్వరగా చెప్పవచ్చు. 1750లో ఫ్రెంచివాళ్లు బందరు పట్టుకున్నారు. 1759 ఏప్రిల్ 7, 8 తేదీల మధ్య రాత్రి కల్నల్ ఫోర్డు నాయకత్వంలో ఇంగ్లీషువాళ్లు బురద నేలల మీదుగా వచ్చి కోట మీద పడి గెలిచారు. మరుసటి నెలలో సలాబత్ జంగ్ బందరు ప్రాంతాన్ని వారికి వదిలేశాడు. 1765లో షా ఆలం పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులే వాళ్లవయ్యాయి. ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చాక మగ్గం, అచ్చు రెండూ చితికిపోయాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. ఆ రాత్రి తర్వాత బందరు మళ్లీ పాత బందరు కాలేదు.

సముద్రం అడుగున కూడా పురావస్తు పని జరుగుతుందని పిల్లలకు చెప్పండి. సింహళంలోని గాలే రేవులో 1659లో మునిగిన "అవాండ్‌స్టర్" అనే డచ్చి కంపెనీ ఓడను 2001–2004 మధ్య నీళ్లలో దిగి తవ్వారు. అది మొదట ఇంగ్లీషు ఓడ, డచ్చివాళ్లు పట్టుకుని పేరు మార్చారు. మన కృష్ణా ముఖద్వారంలో పని ఇంకా కష్టం. నది తెచ్చే ఒండ్రు ఏటేటా తీరాన్ని మారుస్తుంది. అప్పటి లంగరు చోటు ఇప్పుడు మడ అడవి కావచ్చు, ఉప్పు మడి కావచ్చు.

బందరులో కొత్త ఓడరేవు నిర్మాణానికి 2023 మేలో మళ్లీ శంకుస్థాపన జరిగింది. రేవు రావలసిందే, యువకులకు ఉద్యోగాలు కావాలి. రేవు పనులన్నాక రోడ్లకు, గోడౌన్లకు చుట్టుపక్కల లోతుగా మట్టి తవ్వుతారు. ఆ మట్టిలో నీలం పువ్వుల పింగాణీ పెంకు, డచ్చి పొగగొట్టపు ముక్క, రాగి కాసు కనబడితే అది చెత్త కాదని అక్కడ పనిచేసే మన కుర్రవాళ్లకు తెలిసివుండాలి. దొరికిన చోటు, లోతు కాగితం మీద వ్రాసి పురావస్తు శాఖవారికి చెబితే చాలు. చోటు తెలియని వస్తువు సగం చచ్చిపోయినట్టే.

మన చేతుల్లోనే వున్న పని మరొకటి. పాత మసీదుల గోడల్లో, దర్గాలలో, ఖబ్రస్తాన్‌లలో వున్న ఫార్సీ, అరబ్బీ శాసనాలకు ఏటా ఉరుసుకు ముందు సున్నం కొడతాం. భక్తితోనే కొడతాం, కాని పది పొరలు పడేసరికి అక్షరం పూడిపోతుంది. సున్నం గీకడానికి ఇనుప వస్తువు వాడవద్దు. తడి గుడ్డ, మెత్తని కుంచె చాలు. పొద్దున్నేగాని సాయంత్రంగాని ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, ప్రక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీస్తే లోతు తక్కువైన అక్షరం కూడా తేలుతుంది. రాయి ఏ గోడలో, ఏ దిక్కున వుందో వెనక వ్రాయండి. అరబ్బీ, ఫార్సీ శాసనాలు చదివే భారత పురావస్తు శాఖ విభాగం నాగపూరులో వుంది. వాళ్లకు పంపవచ్చు. ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున వున్న పాత సనదులు, ఇనాము కాగితాలు, ఓడ ఉద్యోగపు పుస్తకాలు కూడా ఇలాగే ఫోటో తీసి, అసలు కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో కాకుండా శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి వుంచండి. తాతగారి పేరు ప్రక్కన సరంగు అని వున్నా, కలాసీ అని వున్నా ఆ కాగితం దాచి, రాబోయే సావనీరుకు దాని నకలు పంపించండి.